ఆఫ్రికా చేపల తొట్టెలో ఒక్క మొక్క

మా ఆయన అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు గడప అవతలే ఉంటుంది. ముద్ద నోటికి చేరేలోపు రెండుసార్లు వీధిలోకి చూస్తాడు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది. పడుకుంటే మంచమే తిరుగుతుంది. రాత్రి తూర్పు గోడ పక్కనున్న మంచం తెల్లారేసరికి కిటికీ కిందికి వచ్చి ఉంటుంది. ఇదేం చోద్యమండీ అంటే, "గాలి ఇటు మళ్ళింది జైనా" అంటాడు. గాలీ లేదు, గీలీ లేదు. మనిషికే నిలకడ లేదు.

ఆయన పేరు ఒక్కసారి చెబుతాను: బుడాన్. మా అమ్మ అమీర్‌బీ బతికుంటే, మొగుడి పేరు నోటితో అన్నందుకు నా చెంప వాయించేది. అందుకని ఇక్కణ్ణుంచి మా ఆయన అనే అంటాను.

పెళ్ళయిన కొత్తలో ఒంగోల్లో సైకిళ్ళ షాపు పెట్టాడు. బాగానే నడిచింది. బాగా నడిచిందనే ఆయనకు విసుగొచ్చింది. అద్దంకి వెళ్ళి రేడియోలు బాగుచేశాడు. అక్కణ్ణుంచి నరసరావుపేట, పెళ్ళిళ్ళకు మైకుసెట్లు, రంగు బల్బుల తోరణాలు. ఎక్కడా చెడి రాలేదు, చెడ్డపేరు తెచ్చుకుని రాలేదు, ఆ మాట చెప్పాలి. ఒక పని చేతికి అలవాటు పడిందంటే చాలు, ఆ ఊరే ఇరుకైపోతుంది ఆయనకు. ఎక్కే పని లేకపోయినా సాయంత్రాలు స్టేషనుకు వెళ్ళి రైళ్ళు చూసి వస్తాడు. అలా వరసగా కొన్నాళ్ళు వెళ్ళాడంటే నేను అటక మీది ట్రంకుపెట్టె వంక చూసేదాన్ని. తర్వాత ఆ పెట్టె కిందికి దిగేది. మా పిల్ల నసీమున్నీసా బళ్ళో స్నేహితురాళ్ళ పేర్లు నేర్చుకునేసరికి బడి మారిపోయేది.

నాకు పెట్టె మోత బాధ కాదు. గిన్నెలు సొట్టలు పోయాయన్న బాధ కూడా కాదు. నా బాధ గోరింటాకు.

చీరాలలో మా పుట్టింటి పెరట్లో గోరింట చెట్టు ఉండేది. మా నాన్న నూలుకు రంగులద్దేవాడు. ఇంటిల్లిపాది చేతులూ ఎప్పుడూ నీలంగానో పచ్చగానో ఉండేవి. పండగకు మాత్రం అమ్మ మా చేతులు ఇసకతో తోమించి, ఆ చెట్టు ఆకు రుబ్బి పెట్టేది. "రంగంటే ఇదీ. అదంతా మీ నాయన కూలి" అనేది. నేను అత్తారింటికి వచ్చేటప్పుడు ఆ చెట్టు కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి చేతికిచ్చింది. దానికొక కట్టుబాటు ఉంది మా ఇంట్లో. మూడు ఎండాకాలాలు చూడని చెట్టు ఆకు కొయ్యకూడదు. లేత చెట్టును కోస్తే చెట్టు గిడసబారుతుంది, చెయ్యీ పండదు. మా అమ్మమ్మ అలాగే చేసింది, అమ్మ అలాగే చేసింది, నేనూ అంతే.

ఒంగోల్లో నాటాను. రెండో ఎండాకాలానికి అద్దంకి వచ్చేశాం. అద్దంకిలో నాటాను. అదీ అంతే. నరసరావుపేటలో అయితే మూడో ఎండాకాలం రేపోమాపో అనగా, నా మోకాలు దాటి గుబురుగా లేచిన చెట్టును వదిలి లారీ ఎక్కాను. ప్రతిసారీ ఒక కొమ్మ విరుచుకోవటం, తడిగుడ్డలో చుట్టటం, కొత్త పెరట్లో గుచ్చటం. నా చేత్తో నాటిన చెట్టు ఆకు నా చేతికి ఒక్కసారైనా పండలేదు. రంజాను వస్తే గిన్నె పట్టుకుని ఎవరి గుమ్మం ముందో నిలబడేదాన్ని. ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెట్టు కోసం ఊళ్ళో ఉండిపోదామంటే నవ్వుతాడేమోనని రోషం నాకు.

ఎనభై నాలుగులో, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో, పిడుగురాళ్ల వచ్చాం. ఈసారి ఫోటోల పని. బస్టాండుకు దగ్గర్లో నసీం స్టూడియో అని బోర్డు కట్టాడు. ఊరు చూసి నాకు ఏడుపొచ్చింది. చుట్టూ సున్నపు బట్టీలు. పొద్దున ఉతికి ఆరేసిన చీర సాయంత్రం దులిపితే తెల్లటి దుమ్ము. ఇక నీళ్ళు చెప్పనే అక్కర్లేదు. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పక్కు కడుతుంది. కందిపప్పు పొయ్యి మీద పెట్టి పక్కూరికి పోయి రావచ్చు, తిరిగొచ్చేసరికీ బద్ద బద్దలాగే ఉంటుంది. పప్పుకోసం ప్రత్యేకంగా కాలవ నీళ్ళు మోసుకురావాల్సిందే. ఆ నేలలోనే నా గోరింట కొమ్మ గుచ్చాను. మేక తినేసింది. చీరాల వెళ్ళి ఇంకోటి తెచ్చి, వానలకు మళ్ళీ గుచ్చి, చుట్టూ కంప కట్టాను. రోజూ పొద్దున లేచి ముందు దాని ఆకుల మీది బట్టీ దుమ్ము కడిగి, తర్వాతే నా మొహం కడుక్కునేదాన్ని.

మరుసటేడు ఫిల్ము రోళ్ళకని మద్రాసు వెళ్ళిన మనిషి, ఒక చేతిలో రోళ్ళు, ఇంకో చేతిలో ఉబ్బిన పాలిథీన్ సంచితో దిగాడు. సంచిలో నీళ్ళు. నీళ్ళలో నీలం రంగువి, పసుప్పచ్చ మీద నల్ల చారలవి, వేలెడంత చేపలు.

"కూరకేనా? పులుసుకు కూడా చాలవు గదండీ" అన్నాను.

"తప్పు తప్పు! ఆఫ్రికా చేపలే ఇయ్యి. సిక్లిడ్లు అంటారంట. ఆడ కొండల మధ్య పెద్ద సరస్సుందంట, అందులో రాళ్ళ సందుల్లో ఉంటయ్యంట."

"ఆఫ్రికా నుంచి పిడుగురాళ్లకా! ఈ నీళ్ళకు మనమే చస్తన్నాం, ఇయ్యేం బతుకుతయ్యండీ?"

బతకటమా! వాటి పుట్టిల్లు ఇదేనన్నట్టు బతికాయి. ఆ సరస్సు నీళ్ళలో కూడా సున్నమే ఎక్కువట. మద్రాసులో ఆ చేపలు పెంచేవాళ్ళు నీళ్ళలో రాళ్ళూ గవ్వలూ వేసి కష్టపడి సున్నం ఎక్కిస్తారట. మాకు బోరు తిప్పితే చాలు. ఈ ఊరి నీళ్ళు ఎవరికి పడ్డాయయ్యా అంటే ఆఫ్రికా వాళ్ళకు పడ్డాయి. మా ఆయన ఇనప చట్రానికి అద్దాలు బిగించి, పుట్టీ పెట్టి, పెద్ద తొట్టె చేశాడు. క్వారీ నుంచి సున్నపురాళ్ళు తెచ్చి గుహల్లాగా పేర్చాడు. కరెంటు పోతే గాలి ఆడదని, లారీ ట్యూబులో గాలి నింపి దాన్నుంచి సన్నటి గొట్టం వేశాడు. స్టూడియోలో కుర్చీకి ఎదురుగా పెట్టాడు. ఫోటోకని తెచ్చిన పిల్లలు ఏడుపు ఆపి ఆ చేపల్ని చూస్తూ ఉండిపోయేవాళ్ళు, ఆయన టక్కున నొక్కేవాడు. చంటిపిల్లల ఫోటోలకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా మా దగ్గరికే రావటం మొదలయింది.

ఆ చేపలకు మాత్రం క్షణం స్థిమితం ఉండదు. ఒకదాన్నొకటి తరుముకోవటం, రాయి కింద దూరటం, నోటినిండా ఇసక తీసుకుని అవతల ఊయటం. పొద్దున ఎడంపక్క గుట్టగా ఉన్న ఇసక సాయంత్రానికి కుడిపక్కకు చేరేది. మంచం జరిపే మనిషికి తగ్గ చేపలే దొరికాయని నవ్వుకున్నాను.

ఇక మొక్కల పిచ్చి మొదలయింది. తొట్టెలో రాళ్ళే కనపడుతున్నాయి, పచ్చదనం కావాలన్నాడు. ప్లాస్టిక్ మొక్క పెట్టుకోండి అంటే, "ప్రాణమున్నయి తిరిగేకాడ ప్రాణం లేంది పెడతానా?" అని కసిరాడు. కాలవలో పెరిగే గడ్డి తెచ్చి నాటాడు. పొద్దు వాలేసరికి పరకలు పైన తేలుతున్నాయి. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ తేలాయి. తినేవి తిన్నాయి, పీకేవి పీకాయి.

ఎనభై ఆరు వానాకాలంలో ఆయన మళ్ళీ స్టేషనుకు వెళ్ళటం మొదలుపెట్టాడు. నా చూపు మళ్ళీ అటక మీదికి పోయింది. ఒకరోజు అన్నం దగ్గర బయటపెట్టాడు. నరసరావుపేటలో తనతో మైకుసెట్లు నడిపిన స్నేహితుడు కర్ణాటకలో సింధనూరు వెళ్ళి స్థిరపడ్డాడట. అక్కడ మన జిల్లాల రైతులు క్యాంపులు కట్టుకుని వరి పండిస్తున్నారట. ఒక్క ఫోటో స్టూడియో కూడా లేదట.

"మనోళ్ళు అంతమంది ఉన్నారా, ఒక్కడన్నా ఫోటో తీసేవాడు లేడు జైనా! పోదాం."

నేను కంచం దగ్గర్నుంచి లేచిపోయాను. పెరట్లోకి వెళ్తే గోరింట నా నడుముకు రావడానికి ఇంకా జానెడు తక్కువగా ఉంది. రెండు ఎండాకాలాలు చూసింది. మూడోది రావాలి. ఒళ్ళంతా మండిపోయింది నాకు. వెనక్కి వచ్చి గట్టిగానే అన్నాను:

"మీరు చెప్పినప్పుడల్లా గిన్నెలు సర్దాను. ఈసారి నా మాట వినండి. ఆ తొట్టెలో ఒక్క మొక్క, ప్రాణమున్న మొక్క, ఆ చేపల మధ్య వేరు పట్టించి చూపించండి. ఆరోజు నోరెత్తకుండా మీ ఎనకాల వస్తా. అప్పటిదాకా సింధనూరు మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు."

"అంతేనా?"

"అంతే."

"మాట తప్పవుగా?"

"చీరాలోళ్ళం, మాట తప్పం."

గోడ అవతల నుంచి ఎలీసమ్మ టీచరు నవ్వు వినపడింది. ఆమె మిషన్ బళ్ళో మా నసీం తరగతికి పాఠాలు చెబుతుంది, మా గోడకు ఆనుకునే ఉంటుంది. "నేను సాక్ష్యం బుడానుగారూ!" అని అరిచింది.

అక్కణ్ణుంచి నాకు మనశ్శాంతి లేదు. రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని స్టూడియోకు వెళ్ళటం, ముందు తొట్టె వంక చూడటం. మొక్క పైన తేలుతుంటే ఆకలేసేది. నిలబడి ఉంటే ముద్ద దిగేది కాదు. "పీకండమ్మా, పీకండి, మీ కడుపు చల్లగుండ" అని అద్దానికి దగ్గరగా వెళ్ళి చేపలకు చెప్పుకునేదాన్ని. ఆయనేమో ప్రమిదల్లో మట్టి పోసి నాటాడు. గులకరాళ్ళు ఎత్తాడు. తీగ జల్లెడతో మూత చేసి దాంట్లోంచి మొక్క బయటకు వచ్చేలా పెట్టాడు. చేపలు వీటన్నిటి కిందా తవ్వి, ప్రమిదల్ని తలకిందులు చేశాయి. స్టూడియోకు వచ్చినవాడల్లా ఒక సలహా పారేసి పోయేవాడు.

మిరపతోటల వెంకయ్యగారు ఒకరోజు కూతురి పెళ్ళిచూపుల ఫోటోకు వచ్చాడు. తొట్టెలోకి వంగి చూసి తేల్చేశాడు.

"సాయిబూ, మొక్కకు బలం లేదయ్యా. బలం లేక లేచొస్తంది. గుప్పెడు డీఏపీ కొట్టు, ఎట్టా నిలవదో నేను చూస్తా."

మన ప్రాంతంలో దేనికైనా మందు అదేగా! పైరు పచ్చబడినా ఎరువు, పడిపోయినా ఎరువు. మా ఆయన గుప్పెడు వేశాడు. తెల్లారి నేను వెళ్ళేసరికి నీళ్ళు కుడితిలా ఉన్నాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలికి అల్లాడుతున్నాయి. నీలం చేపలు రెండు వెల్లకిలా తేలాయి. నేనూ, ఆయనా, బడి మానేసి పరిగెత్తుకొచ్చిన ఎలీసమ్మ టీచరూ కలిసి బిందెలు మోసి మోసి నీళ్ళు మార్చాం. పందెం సంగతి నాకు గుర్తే లేదు, బతికితే చాలనిపించింది. మిగిలినవి తేరుకున్నాక ఆయన చచ్చిన రెండింటినీ అరచేతిలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "అంత దూరం నుంచి తెచ్చి నా చేత్తో చంపుకున్నా జైనా" అన్నాడు. ఆ మోకాలు ఊగకుండా ఉండటం పెళ్ళయ్యాక నేను మొదటిసారి చూశాను.

ఇక మానుకుంటాడనుకున్నాను. మానుకోవటమా! సంక్రాంతి వెళ్ళాక మద్రాసు పోయి చేపల దుకాణం వాణ్ణే పట్టుకున్నాడు. వాడొక మొక్క ఇచ్చాడు. ముతకగా, ముదురాకుపచ్చగా, తోలులాంటి ఆకులు. చేదో ఏమో, చేపలు కొరకవట. దీన్ని ఇసకలో పాతొద్దట, పాతితే దుంప కుళ్ళుతుంది. రాతికి కట్టి వదిలేస్తే వేళ్ళు రాతినే పట్టుకుంటాయట.

"మట్టి అక్కర్లేని మొక్కా!" అన్నాను. ఇది నిలిచేలాగే ఉందనిపించింది నాకు.

కట్టటం ఆయనకు చేతకాలేదు. ఇనప తీగతో కడితే కాడ తెగింది. నైలాన్ దారంతో కడితే జారింది. చేపలు లాగేసేవి, మొక్క తేలేది, ఆయన తిట్టేవాడు, నాకు ప్రాణం లేచొచ్చేది. అలా జరిగిపోతే ఈ కథే లేదు. ఒక మధ్యాహ్నం నేను క్యారియరు విప్పుతుంటే ఆయన ఒళ్ళో రాయి పెట్టుకుని దారంతో కుస్తీ పడుతున్నాడు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి, అన్నీ లాగితే ఊడొచ్చే ముళ్ళే. నేను చూడలేకపోయాను. రంగుకు వెళ్ళే నూలు కట్టలకు, చిలపలకు, ముళ్ళు వేసిన చేతులు ఇవి. రంగు బానలో ముంచినప్పుడు చిలప ముడి ఊడిందంటే నూలంతా చిక్కు పడి నాశనం. మా నాన్న చేతిలో దెబ్బలు తిని నేర్చుకున్న ముడి అది.

"ఏం కట్టటమండీ అది! ఇటియ్యండి" అని లాక్కున్నాను. నా కుట్టుపెట్టెలోంచి చీరాల నూలుదారం తెప్పించి, రెండు పేటలు చేసి, దుంప నలగకుండా మెడ కిందుగా తిప్పి, రాయి వెనక బిగించి ఇచ్చాను. లాగి చూసుకున్నాను కూడా. కదల్లేదు. అప్పుడు వెలిగింది నాకు, నేనేం చేశానో. ఆయన నా మొహంలోకి చూసి పగలబడి నవ్వాడు.

"చీరాల ముడి! ఇంకేం, సింధనూరే!"

నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నాను. ఎలీసమ్మ టీచరుకు చెబితే, "పిచ్చిదానా, వదులుగా కట్టి ఇవ్వచ్చుగా" అంది. వదులు ముడి నాకు రాదు, నేనేం చెయ్యను. ఒకటే ఆశ. నూలుదారం నీళ్ళలో ఎన్నాళ్ళు ఉంటుంది? నానుతుంది, చివుకుతుంది. అది తెగిన రోజు చేపలు మొక్కను లాగేస్తాయి. రోజూ వెళ్ళి దారం వంకే చూసేదాన్ని. మొదట తెలుపు పోయింది. తర్వాత నాచు పట్టింది. తర్వాత పోగులు పోగులుగా విడిపోయింది. నెల దాటాక ఒకరోజు చూస్తే దారం లేదు. మొక్క ఉంది. పసుపుచారల చేప ఒకటి వచ్చి దాని ఆకు పట్టుకుని గుంజింది. ఊగింది, అంతే. నల్లటి సన్నటి వేళ్ళు రాతి గరుకులోకి దిగి పట్టుకుని ఉన్నాయి.

ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. సాయిబు మొక్క వేరు పట్టిందట, సాయిబు సింధనూరు పోతున్నాడట. స్నేహితుడికి కబురు పంపాడు. ఉగాది వెళ్ళాక లారీ అన్నాడు.

మాట ఇచ్చాను కాబట్టి మాట్లాడకుండా అటక మీది ట్రంకుపెట్టె దించాను. గిన్నెలు గుడ్డల్లో చుట్టటం మొదలుపెట్టాను. కోపమంతా గిన్నెల మీదే. పొద్దున ఒక గంగాళం, సాయంత్రం రెండు చెంబులు, ధడేల్ ధడేల్. ఆయన గడప మీద కూర్చుని చూస్తూ, "ఏందే, అట్టా ఇసిరేస్తన్నావు? ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా" అన్నాడు.

ఆ మాటతో నాకు ఎక్కడలేని ఉక్రోషం ముంచుకొచ్చింది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాను.

"ఇదేంటి?"

"గోరింట చెట్టు."

"ఎప్పుడన్నా దీని ఆకు కొయ్యటం చూశారా? ఒంగోల్లో నాటా, అద్దంకిలో నాటా, పేటలో నాటా. మా అమ్మ చెప్పిన మూడు ఎండాకాలాలు ఏ ఊళ్ళో నిలవనిచ్చారు మీరు? ఊరికో చెట్టు వదిలేసొచ్చా. వాటి ఆకు ఇప్పుడు ఎవరెవరో కోసుకుని పెట్టుకుంటన్నారు. నేను పండక్కి పండక్కి గిన్నె పట్టుకుని అడుక్కుంటన్నా. ఈ ఒక్క ఎండాకాలం ఆగితే చాలు దీనికి. అయినా వస్తా పదండి, మాటిచ్చాగా, ఇంకో కొమ్మ విరుస్తా!"

ఏడుస్తూనే అన్నాను అదంతా. ఆయన చెట్టు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఒక ఆకు మీద బట్టీ దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "నువ్వెప్పుడూ చెప్పలా" అన్నాడు.

"చెబితే ఆగేవాళ్ళా?"

ఆయన కాలి వంక చూశాను. చేపలు చచ్చిన రోజులాగే మోకాలు ఆగిపోయి ఉంది. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత రెండు మూడు రోజులు గడిచాయి. ఆయన లారీ సంగతి ఎత్తలేదు, వద్దనీ అనలేదు. ఊరంతా చాటుకున్న మనిషి, ఇప్పుడు వెనక్కి తగ్గితే నలుగురూ ఏమంటారు? ఆ మొండితనం నాకు తెలుసు. నేను గిన్నెలు చుడుతూనే ఉన్నాను.

శుక్రవారం వచ్చింది. నమాజుకు మసీదుకు వెళ్ళి ఉంటాడు, క్యారియరు పెట్టేసి వద్దామని స్టూడియోకు వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. వంగి చూశాను. ఆయన నమాజుకు వెళ్ళలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దాకా తొట్టెలో పెట్టి ఉన్నాడు. చేతిలో ఫోటోల అంచులు కోసే పలచటి బ్లేడు. మొక్క వేళ్ళకూ రాతికీ మధ్య దాన్ని దూర్చి, అద్దం మీద ఆరిన ఫోటోను చిరగకుండా ఒలిచినట్టు, ఒక్కో వేరే ఒలుస్తున్నాడు. చేపలు చుట్టూ చేరి ఆయన వేళ్ళను పొడుస్తున్నాయి. "ఉండండ్రా, ఉండండి, అయిపోయింది" అంటున్నాడు వాటితో. కాసేపటికి మొక్క విడివడి మెల్లగా పైకి తేలింది. ఆయన చెయ్యి తుడుచుకుని, బ్లేడు సొరుగులో పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడి, అది చేపల పనిలాగే కనపడుతోందా లేదా అని చూసుకున్నాడు.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాను. బస్టాండు దాకా వెళ్ళాను. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి. చేతిలో క్యారియరుతో అలా ఎందుకు నిలబడ్డావని ఎవరో అడిగారు కూడా. మా ఆయన మీద అంత ప్రేమ నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి, ఈసారి షట్టరు దడదడలాడేలా కొట్టాను.

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఎంత నటన!

"చూశావా జైనా? పీకేసినయ్! దొంగముండలు, ఇన్నాళ్ళు ఊరుకుని ఇవాళ పీకేసినయ్!"

"అయ్యో! మరి సింధనూరో?"

"ఏం చేస్తాం. మాటంటే మాటేగా. వేరు పట్టిందాకా ఆగాల్సిందే."

"పోన్లెండి, బాధపడకండి. ఇంకో దారం కట్టిస్తా" అన్నాను. తొట్టెలోంచి మొక్క తీసి చూస్తే ఒక్క వేరు కూడా తెగలేదు.

ఆ సాయంత్రం గిన్నెలకు చుట్టిన గుడ్డలు విప్పాను. ఆ ఎండాకాలం ఎండలు బట్టీలతో పోటీ పడి కాశాయి. నా చెట్టు మాత్రం నిలబడింది. రంజాను నెల చివర, నెలవంక కనపడే రోజు మధ్యాహ్నం, బిస్మిల్లా అనుకుని మొదటి ఆకు కోశాను. రోట్లో వేసి నూరుతుంటే ఆ వాసనకు మా అమ్మే వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఎలీసమ్మ టీచరు గిన్నె పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. నా గుమ్మం ముందు! ఆమె గిన్నె నిండా పెట్టి పంపాను. మర్నాడు పండగ నమాజు చేసి వచ్చిన ఆయన నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"బాగా పండిందే" అన్నాడు.

"మూడేళ్ళ చెట్టుగా" అన్నాను.

ఇది ఎనభై తొమ్మిది. ఇంకా పిడుగురాళ్లలోనే ఉన్నాం. ఆయన మారాడనుకునేరు, అదేం లేదు. మంచం తిరుగుతూనే ఉంది. సాయంత్రాలు రైళ్ళు చూసి వస్తూనే ఉన్నాడు. బజార్లో ఎవరైనా, "ఏం సాయిబూ, వేరు పట్టిందా?" అంటే, "ఏడ పట్టనిస్తయ్యయ్యా ఆ దొంగ చేపలు! పట్టిన మర్నాడే సింధనూరు" అంటాడు. నేను వదులుగా కట్టను, ఆయన ఒలవక మానడు. చూశానని ఈ రోజుకూ చెప్పలేదు. ఆయనా ఏమీ అనలేదు. కాకపోతే ప్రతిసారీ దారం నన్నే అడుగుతాడు.

నిన్న కూడా వచ్చాడు. పండగ ముందు రోజు. నేను గడప లోపల కూర్చుని రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుని ఉన్నాను.

"జైనా, మళ్ళీ పీకేసినయ్. దారం."

"నా చేతులు చూస్తన్నారుగా. పెట్టెలో ఉంది, మీరే తీసుకుని కట్టుకోండి."

"నేను కడితే నిలవదు. నీ ముడే కావాలి."

"అయితే ఇది ఆరిందాకా కూర్చోండి."

కూర్చున్నాడు. మోకాలు ఊగుతూనే ఉంది. కాళ్ళు మాత్రం రెండూ గడపకు ఇవతలే ఉన్నాయి.